పదహారో గేటు చరిత్ర ఎవరి దగ్గరుంది?

2021 ఆగస్టు 5, తెల్లవారుజాము. పులిచింతల ప్రాజెక్టులో నీళ్లు కిందికి వదలడానికి గేట్లు ఎత్తుతున్నారు. మొత్తం 24 గేట్లు. అందులో 16వది పైకి లేవాల్సింది పోయి ఊడి వరదలో కొట్టుకుపోయింది. గేటును పట్టి ఉంచే గర్డర్ దెబ్బతినడమే కారణమని అప్పట్లో అధికారులు చెప్పారు. ఆ ఖాళీలో స్టాప్‌లాగ్ దించాలంటే ముందు నీటిమట్టం తగ్గాలి. నిండిన జలాశయాన్ని చేజేతులా ఖాళీ చేసి, ఆ నీళ్లను ప్రకాశం బ్యారేజీ మీదుగా సముద్రానికి సాగనంపాల్సి వచ్చింది. అప్పటికి పల్నాడు జిల్లా ఇంకా పుట్టలేదు, బెల్లంకొండ మండలం గుంటూరు జిల్లాలోనే ఉండేది. కానీ ఆ రోజు టీవీల ముందు కూర్చున్నవాళ్లలో మన నరసరావుపేట, సత్తెనపల్లి కుర్రాళ్లు చాలామందే ఉన్నారు.

ఆ వార్త చదివినప్పుడు నాకు ఒక్కటే ప్రశ్న. పదహారో గేటు గురించి ఆ ముందు రోజు దాకా ఎవరికి ఏం తెలుసు? దాన్ని ఎవరు తయారు చేశారు, ఏ స్టీలు వాడారు, చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, తనిఖీలో ఏం రాశారు, పక్కనున్న 15, 17 గేట్లకూ దానికీ ఏమైనా తేడా ఉందా? ఈ ప్రశ్నలకు పది నిమిషాల్లో జవాబు దొరికే ఏర్పాటు ఉంటే దాన్ని ఏమంటారో తెలుసా? ఇప్పుడు మీరంతా కోర్సుల కోసం వెతుకుతున్న 'బిమ్' అంటే అదే. లేదా అదే కావాలి.

సివిల్ ఫైనలియర్ వాళ్లు నాకు పంపే మెసేజ్‌లలో సగం ఒకే రకంగా ఉంటాయి. 'అన్నా, రెవిట్ నేర్చుకుంటే జాబ్ వస్తుందా? ఎన్ని నెలలు పడుతుంది? ఏ ఇన్‌స్టిట్యూట్ మంచిది?' నేను చెప్పే జవాబు చాలామందికి నచ్చదు. రెవిట్ నేర్చుకోండి, తప్పులేదు. కానీ దాన్ని మాత్రమే నేర్చుకున్నవాడు గోడలు గీసేవాడిగానే మిగిలిపోతాడు. గోడలు గీసే పని రోజురోజుకీ సాఫ్ట్‌వేరే చేసుకుంటోంది.

బిమ్ అంటే బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్. ఈ మూడు మాటల్లో మన ఇన్‌స్టిట్యూట్లు మొదటిదీ చివరిదీ అమ్ముతాయి. మధ్యలో ఉన్నదాన్ని సిలబస్‌లో చివరి వారానికి నెట్టేస్తాయి. ఆటోక్యాడ్‌లో తలుపు గీస్తే అది నాలుగు గీతలు, ఒక వంపు. ఆ గీతలకు తాము తలుపని తెలియదు. బిమ్ మోడల్లో తలుపు పెడితే తాను తలుపునని దానికి తెలుసు. ఏ అంతస్తులో ఏ గదికి ఉందో, దేనితో చేశారో, నిప్పును ఎంతసేపు ఆపుతుందో అన్నీ దానితోపాటే ఉంటాయి. తలుపు స్థానంలో పంపు పెట్టండి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, డ్యామ్ గేటు పెట్టండి. దాని పుట్టుక నుంచి నిన్నటి గ్రీజు దాకా అన్ని వివరాలూ ఒక్కచోట ఉంటే అది బొమ్మ కాదు, ఆ వస్తువు జాతకం. సెన్సర్ల నుంచి లెక్కలు వచ్చి ఆ మోడల్ తనంతట తాను మారుతూ ఉంటే దాన్నే డిజిటల్ ట్విన్ అంటున్నారు. ట్విన్ అన్న మాట వినగానే మురిసిపోకండి. నేను చూసిన చాలా 'ట్విన్లు' ఖరీదైన త్రీడీ వీడియోలు తప్ప ఇంకేమీ కావు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఒక కట్టడం కట్టడానికి మూడేళ్లు, ఐదేళ్లు, మహా అయితే పదేళ్లు. దాన్ని వాడుకునేది యాభై, వందేళ్లు. మన చదువంతా ఆ మొదటి ఐదేళ్ల మీదే. డిజైను, ఎస్టిమేషను, కాంక్రీటు మిక్సు. రిబ్బన్ కత్తిరించిన తర్వాత ఏం జరుగుతుందో నాలుగేళ్ల బీటెక్‌లో నాకైతే ఎవరూ గట్టిగా చెప్పలేదు.

నా మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లో బిమ్ మోడలర్‌గా. విదేశంలో కడుతున్న ఒక ఆసుపత్రికి పైపులు, డక్టులు, వాల్వులు మోడల్ చేయాలి. కొన్ని నెలలపాటు వాల్వులు పెట్టాను. ప్రతి వాల్వుకూ పక్కన ఖాళీ గళ్లు ఉండేవి: తయారీదారు, సీరియల్ నంబరు, వారంటీ, మార్చాల్సిన తేదీ. 'ఇవి నింపాలా సార్?' అని అడిగితే 'మన స్కోప్‌లో లేదు, వదిలెయ్' అన్నారు. వదిలేశాను. మోడల్ చూడటానికి అద్దంలా ఉండేది. ఆ ఆసుపత్రిలో రేపు అర్ధరాత్రి ఏదైనా వాల్వు పగిలితే అక్కడి మెయింటెనెన్స్ మనిషికి నా మోడల్ వల్ల కాణీ ప్రయోజనం ఉండదు. అప్పుడు నాకిది తోచలేదు. నెలాఖరు జీతమే తోచింది.

పులిచింతల తర్వాత మూడేళ్లకు తుంగభద్ర. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. ఆ ఒక్క సందులోంచే సుమారు 35 వేల క్యూసెక్కులు పోయాయి. లెక్క వేయండి. సెకనుకు 35 వేల ఘనపుటడుగులు, రోజుకు 86,400 సెకన్లు. రోజుకు మూడు టీఎంసీలు. మన ఇరిగేషన్ వాళ్ల మోటు లెక్కలో టీఎంసీకి పది వేల ఎకరాలు. అంటే ఒక రోజుకు 30 వేల ఎకరాల నీళ్లు. అదీ ఒక్క గొలుసు తెగినందుకు.

అప్పుడేం చేశారో గుర్తుందా? గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారిని పిలిపించారు. ఏళ్ల తరబడి డ్యాముల గేట్ల మీదే పనిచేసి రిటైరైన మనిషి. సిద్ధంగా ఉంచిన స్టాప్‌లాగ్‌లు లేవు కాబట్టి అప్పటికప్పుడు తయారు చేయించి, ప్రవాహం పోతుండగానే ముక్కలు ముక్కలుగా దించి వారం లోపల సందు మూశారు. చూసినవాళ్లంతా చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇంకా మూడు వారాలు తిరక్కుండానే సెప్టెంబరు మొదట్లో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. ప్రకాశం బ్యారేజీకి పడవలు వచ్చి గుద్దుకుని కౌంటర్ వెయిట్లు విరిగిపోయాయి. అక్కడికీ ఆయన్నే పిలిచారు.

ఆయన గొప్పదనం మీద నాకు అనుమానం లేదు. మన పరిస్థితి మీదే దిగులు. ఇన్ని వేల కోట్ల కట్టడాల గుట్టు ఒక పెద్దాయన తలలో ఉందంటే అది ఆయనకు గౌరవం, మనకు ప్రమాదం. ఆయన తర్వాత ఎవరు? ఆయనకు తెలిసినది ఏ ఫైల్లో ఉంది? ఏ కాలేజీ పిల్లవాడు ఆ వారం రోజులు ఆయన పక్కన నిలబడి రాసుకున్నాడు?

'పాత డ్యాములు కదండీ, అలాగే ఉంటాయి' అని సర్దుకోవడం తేలిక. తుంగభద్ర విషయంలో ఆ మాట కొంతవరకు నిజమే, 1953 నాటిది. ఆ తర్వాత మొత్తం 33 గేట్లూ మార్చాలన్న నిర్ణయానికి వచ్చారు కూడా. మరి పులిచింతల? 2013 డిసెంబరులో ప్రారంభించారు. గేటు పోయేనాటికి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఎనిమిదేళ్ల గేటూ పోయింది, డెబ్బై ఏళ్ల గేటూ పోయింది. వయసు ఒక్కటే కారణం అయితే ఈ రెండూ ఒకే వాక్యంలో రాకూడదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు కూడా అక్కడ ఒక గేటు పనిచేయని స్థితిలో ఉందన్నది పెద్ద చర్చ అయింది. దిగువ ఊళ్లలో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. పనిచేయని గేటు ఉందని కొందరికి తెలుసు. తెలిసిన సంగతి తెలియాల్సిన చోటుకు, కదలాల్సిన వేళకు చేరలేదు. నేను సమాచారం అని మొత్తుకునేది దీని గురించే.

ఇక్కడ మీలో తెలివైనవాళ్లు ఒక మాట అంటారు. 'అన్నా, మోడల్ ఉన్నంత మాత్రాన గొలుసు తెగకుండా ఉంటుందా? గ్రీజు పెట్టడానికి మనిషి కావాలి, మనిషికి జీతం కావాలి. కంప్యూటర్లో గేటు మెరిసిపోతే ఏం లాభం?'

నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. మోడల్ గ్రీజు పెట్టదు. నిర్వహణకు డబ్బులివ్వని ప్రభుత్వం డిజిటల్ ట్విన్‌కు టెండరు పిలిస్తే దాన్ని అనుమానించాల్సిందే. కానీ గ్రీజుకు డబ్బు ఎందుకు రాదో కూడా చూడండి. 'గేట్లకు మరమ్మతులు కావాలి' అని కాగితం పెడితే పైన ఎవరికీ పట్టదు. '24 గేట్లలో ఫలానా మూడింటికి చివరి తనిఖీ జరిగి ఇన్ని నెలలైంది, ఇదిగో ఫొటో, ఈ తుప్పు పోయినేడాది ఇంత, ఈ ఏడాది ఇంత' అని పెడితే దాన్ని పక్కన పడేయాలంటే సంతకం చేసేవాడికి చెయ్యి వణుకుతుంది. రికార్డు ఉన్నచోట బాధ్యత ఎవరిదో తెలుస్తుంది. బహుశా అందుకే రికార్డులంటే కొందరికి అంత ఇష్టం ఉండదు.

పోయినేడు మా వైపు ఒక కాలువ గట్టు మీద నడుస్తూ షట్టర్లకు ఫొటోలు తీసుకుంటున్నాను. అక్కడ లస్కర్‌గా చాలా ఏళ్లు పనిచేసిన ఒక పెద్దాయన ఆపాడు.

'ఏం బాబూ, దేనికి ఫొటోలు? పేపరోళ్లా?'

'కాదు బాబాయ్, షట్టర్లు లెక్క రాసుకుంటున్నా. ఇది ఎప్పుడు పెట్టారు?'

'నేను డ్యూటీలో చేరేసరికే ఉంది. స్క్రూ మాత్రం మా పెద్దోడి పెళ్లైన ఏడు మార్చారు.'

'ఆఫీసులో రాసుంటారుగా?'

'రాసే ఉంటార్లే. రాసినాయన బదిలీ మీద పోయాడు.'

తర్వాత ఆయనే నన్ను వెంటబెట్టుకుని తిప్పాడు. ఏ తూము దగ్గర గట్టు కింద నుంచి నీళ్లు ఊరుతాయో, ఏ షట్టర్ ఎన్ని తిప్పులకు పూర్తిగా లేస్తుందో, ఎక్కడ రాయి అడ్డుపడి ఆగుతుందో, అన్నీ నోటికే. రెండు గంటల్లో నేను రాసుకున్న ముప్పై వరసల ఎక్సెల్ షీటు, నా మొదటి ఉద్యోగంలో చేసిన మోడలంతటి కంటే విలువైనదని ఇప్పటికీ నా నమ్మకం. దానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఓపిక కావాలి. ఆయన్ని 'బాబాయ్' అని పిలవడం తెలియాలి. ఈ రెండోది ఏ మల్టీనేషనల్ కన్సల్టెంటుకూ రాదు, మనకొచ్చు.

సరే, ఉద్యోగాల సంగతికి వద్దాం. ఈ పేజీ మీరు తెరిచింది అందుకే కదా.

మన దేశంలో పెద్ద డ్యాములు ఐదు వేలకు పైనే ఉన్నాయి. వాటిలో సుమారు 80 శాతం పాతికేళ్లు దాటినవి. 2021లో పార్లమెంటు డ్యామ్ సేఫ్టీ చట్టం చేసింది. ఆ ఏడాది డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతి డ్యాముకూ లాగ్‌బుక్ ఉండాలి, వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ జరగాలి, పరికరాలు పెట్టి వాటి రీడింగులు దాచాలి, ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్రణాళిక ఉండాలి, ఐదేళ్లలోపు మొదటి సమగ్ర భద్రతా మదింపు జరగాలి. ఇవన్నీ యజమాని, అంటే ఎక్కువ చోట్ల రాష్ట్ర ప్రభుత్వం, చేసి తీరాల్సిన పనులు. కేంద్ర జలసంఘం 'ధర్మ' అనే వెబ్ అప్లికేషన్ కూడా తెచ్చింది. డ్యాముల ఆరోగ్య వివరాలన్నీ అందులో ఎక్కించాలి. ఎక్కించేది ఎవరు? పదిమంది చేయాల్సిన పని నెత్తిన పెట్టుకున్న ఏఈ గారా? ఆయన ఉదయం కాలువ మీద, మధ్యాహ్నం మీటింగులో, రాత్రి వాట్సాప్‌లో రిపోర్టులు పంపుతూ ఉంటారు. ఈ పనికి మనుషులు కావాలి. ఇంజినీరింగ్ అర్థమయ్యే, డేటా పద్ధతిగా పెట్టగలిగే, బురదలో దిగడానికి సిగ్గుపడని మనుషులు. ఈ ఉద్యోగం పేరుతో నోటిఫికేషన్ ఇంకా రాలేదు కాబట్టి మన కోచింగ్ సెంటర్లకు ఇది ఉద్యోగంలా కనిపించడం లేదు. పని మాత్రం ఉంది.

డ్యాములు వదిలేయండి. మన జిల్లాలోనే చూడండి. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ ఒక కన్వేయర్ బేరింగ్ పోతే గంటకు ఎంత నష్టమో వాళ్లు నోటికి చెప్తారు. కట్టడాల వాళ్లకంటే ఫ్యాక్టరీల వాళ్లు ఈ లెక్కలో ఎంతో ముందున్నారు, ఎందుకంటే నష్టం వాళ్ల జేబులోంచే పోతుంది. అమరావతిలో 2025 మేలో పనులు మళ్లీ మొదలయ్యాయి. అక్కడ కట్టే ప్రతి భవనాన్నీ, డ్రెయిన్‌నీ, కేబుల్ డక్టునూ రేపు యాభై ఏళ్లు ఎవరో ఒకరు నడపాలి. కాంట్రాక్టరు వెళ్లిపోయేటప్పుడు ఏం అప్పగించాలన్నది టెండరులో ఇప్పుడే రాసుకోకపోతే 2040లో ఒక కుర్రాడు రోడ్డు తవ్వి పైపు ఎక్కడుందో వెతుక్కుంటాడు. నాగపూర్ మెట్రో కట్టేటప్పుడే మోడల్‌కు ఖర్చునూ షెడ్యూలునూ కలిపి నడిపారు. కాబట్టి ఇది మన దేశంలో జరగని పనేం కాదు.

బయటి ప్రపంచంలో ఈ పాఠం ఎలా నేర్చుకున్నారో కూడా తెలిసి ఉండాలి, ఇంటర్వ్యూలో అడుగుతారు. బ్రిటన్‌లో 2016 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టులకు బిమ్ తప్పనిసరి చేశారు. అయినా 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయి 72 మంది చనిపోయారు. ఆ తర్వాత జరిగిన సమీక్షకు నాయకత్వం వహించిన జూడిత్ హ్యాకిట్ 'బంగారు దారం' అనే మాట ముందుకు తెచ్చారు. భవనం డిజైను నాటి నుంచి దాని జీవితకాలమంతా, ఏం మార్చారు, ఎందుకు మార్చారు, ఎవరు ఒప్పుకున్నారు అన్న సమాచారం తెగని దారంలా ఉండాలని. 2022లో చేసిన చట్టంలో ఎత్తయిన భవనాలకు అది బాధ్యతగా మారింది. వాళ్లు కూడా శవాలు లేచాకే నేర్చుకున్నారు, అందులో మనం చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు. పారిస్‌లో నోట్రడామ్ చర్చి 2019లో కాలిపోయింది. దానికి ఏళ్ల ముందే ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్ర ప్రొఫెసర్ లేజర్ స్కానర్‌తో దాన్ని మొత్తం కొలిచి పెట్టాడు. తిరిగి కట్టేటప్పుడు ఆ కొలతలు అక్కరకొచ్చాయి. 2024 డిసెంబరులో చర్చి మళ్లీ తెరిచారు. ఆయన మాత్రం మంట రాకముందే చనిపోయాడు.

ఇప్పుడు నాగార్జున సాగర్ గురించి ఆలోచించండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. 26 క్రెస్ట్ గేట్లు. క్రేన్లతో కంటే మనుషుల భుజాలతో ఎక్కువగా కట్టిన రాతి డ్యామ్. కంప్యూటర్ అనే మాట మన ఊళ్లలో ఎవరూ విననప్పటి డ్రాయింగులు, చేత్తో గీసినవి. దీనికి మోడల్ చేయాలంటే రెవిట్‌లో కూర్చుని గీస్తే రాదు. ఇప్పుడున్నది ఉన్నట్టు కొలవాలి. డ్రోన్ ఫొటోలు, లేజర్ స్కాన్, నీటి కింద సర్వే. పాత డ్రాయింగుకూ ఇవాళ్టి రాయికీ మధ్య తేడా ఎక్కడుందో పట్టుకోవాలి. స్పిల్‌వే కింద వరదకు గుంతలు పడితే ఏ వరదకు ఎంత గుంత పడిందో ఏడాదికేడాది పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒక్కసారి కొలిస్తే అయిపోదు. సాగర్ కట్టినప్పుడు పూర్తి సామర్థ్యం 408 టీఎంసీలు. ఇప్పుడు లెక్కలో ఉన్నది 312. మిగతా చోటంతా పూడిక తినేసింది. తుంగభద్రలోనూ అంతే, 133 దగ్గర మొదలై 105కి దిగింది. చెరువు అదే, గట్టు అదే, లోపలి గిన్నె మాత్రం చిన్నదైపోయింది. పాత అంకెతో నీళ్లు పంచుకుంటే కొట్లాటే. సాగర్ డ్యామ్ నిర్వహణ తెలంగాణది, కుడి కాలువ నీళ్లు మనవి. 2023 నవంబరు 30న రెండు రాష్ట్రాల పోలీసులు డ్యామ్ మీద ఎదురెదురుగా నిలబడ్డ సంగతి మాచర్ల వాళ్లకు చెప్పక్కర్లేదు. నీటి వాటాల పేచీ మోడల్‌తో తీరుతుందని చెప్పేంత అమాయకుణ్ని కాను. కానీ ఒకే గేటు గురించి, ఒకే మట్టం గురించి ఇద్దరూ ఒకే స్క్రీన్ చూసే రోజు వస్తే కనీసం అంకెల మీద పోట్లాట తగ్గుతుంది. ఇది నా ఆశ మాత్రమే, హామీ కాదు.

ఏం నేర్చుకోవాలి అంటారా? నా లెక్కలో మొదటిది, ఒక కట్టడం. ఏదో ఒకటి, పూర్తిగా. రేడియల్ గేటు ఎలా తిరుగుతుంది, భారమంతా ట్రనియన్ మీదికి ఎందుకు వస్తుంది, తాడో గొలుసో ఎక్కడ అరుగుతుంది అన్నది తెలియనివాడు దానికి డేటాబేస్ తయారు చేస్తే ఏ గడి ముఖ్యమో ఏ గడి చెత్తో తెలియదు. రెండోది ఎక్సెల్, నవ్వకండి. ఆస్తుల జాబితా పద్ధతిగా పెట్టడం, ఒకే వస్తువును రెండు పేర్లతో రాయకపోవడం, తేదీలు ఒకే తీరులో ఉంచడం, ప్రతి వస్తువుకూ మారని నంబరు ఇవ్వడం, ఇవి చేతకాక కోట్ల ప్రాజెక్టులు చతికిలబడ్డాయి. ఆ తర్వాతే రెవిట్. విద్యార్థులకు ఉచిత లైసెన్సు ఇస్తారు, పైరేటెడ్ కాపీలు వద్దు. డబ్బులున్న సాఫ్ట్‌వేర్‌కే కట్టుబడకుండా ఐఎఫ్‌సీ అనే అందరి ఫార్మాట్ అర్థం చేసుకోండి. ఇవాళ కొన్న సాఫ్ట్‌వేర్ ముప్పై ఏళ్ల తర్వాత ఉంటుందో లేదో, డ్యామ్ మాత్రం ఉంటుంది. బ్లెండర్‌లో బోన్సాయ్ అనే ఉచిత యాడ్ఆన్‌తో ఐఎఫ్‌సీ ఫైళ్లు తెరిచి లోపల ఏముందో చూడొచ్చు. కాలువలు, రోడ్ల లాంటి పొడవాటి వాటికి క్యూజీఐఎస్, అదీ ఉచితమే. ఐఎస్‌వో 19650 ప్రమాణంలో మూడో భాగం చదవండి. కట్టడం వాడకంలో ఉన్నప్పుడు సమాచారాన్ని ఎలా నడపాలో చెప్పేది అదే, 2020లో వచ్చింది. ఒకటి, రెండు భాగాల గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు, మూడో భాగం తెలిసిన ఫ్రెషర్ నాకు ఇప్పటిదాకా ఒక్కరే తగిలారు. ఆ అమ్మాయికి ఉద్యోగం రావడం నన్ను ఆశ్చర్యపరచలేదు.

అమీర్‌పేటలో నలభై ఐదు రోజుల్లో 'బిమ్ ఎక్స్‌పర్ట్' సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు అమ్మేది వాళ్లు అమ్ముతారు. ఫీజు కట్టడానికి ఇంట్లో పొలం కౌలు డబ్బులు అడిగే ముందు ఆ కోర్సులో ఎన్ని గంటలు మోడలింగ్, ఎన్ని గంటలు సమాచారం అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు చెప్పేటప్పుడు కౌన్సెలర్ మొహం చూడండి చాలు.

ఫైనలియర్ ప్రాజెక్టుల విషయంలో నాది ఒక గొడవ. ఇంటర్నెట్‌లో దొరికిన 'జీ ప్లస్ ఫైవ్ అపార్ట్‌మెంట్ డిజైన్' ప్రింటు తీసి బైండింగ్ చేయించడం మానండి. మీ కాలేజీ భవనమే తీసుకోండి. నీళ్ల ట్యాంకులు, మోటార్లు, జనరేటర్, ఫైర్ సిలిండర్లు, లిఫ్టు. ఎన్ని ఉన్నాయి, ఎప్పటివి, వారంటీ కాగితం ఎక్కడుంది, ఎలక్ట్రీషియన్ ఏమంటాడు. నలుగురు కలిసి ఒక సెమిస్టర్‌లో చిన్న మోడల్, దానికి ముడిపెట్టిన జాబితా తయారు చేయొచ్చు. నరసరావుపేటలో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది, ప్రైవేటు కాలేజీలు లెక్కకు మించి ఉన్నాయి. ఒక్కో కాలేజీ ఒక్కో మేజరు కాలువను దత్తత తీసుకుని తూములు, షట్టర్లు, వంతెనలు ఫొటోలతో సహా మ్యాపులో పెడితే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మీకో కథ ఉంటుంది, ఇరిగేషన్ ఆఫీసుకు ఒక జాబితా ఉంటుంది. జాబితాలో వస్తువుల పేర్లు తెలుగులో కూడా రాయండి. తిప్పే చక్రానికి అక్కడి లస్కర్ ఏ పేరు పెట్టాడో ఆ పేరే రాయండి. వర్షంలో, చీకట్లో ఫోన్ చేసి 'ఏది చెడిపోయింది?' అని అడిగినప్పుడు ఆయన చెప్పేది ఆ పేరే.

ఎవరైనా నిజంగా బయల్దేరితే రెండు ముక్కలు. ప్రాజెక్టుల దగ్గరికి వెళ్లేముందు కాలేజీ లెటర్‌హెడ్ మీద సంబంధిత ఇంజినీరు గారికి ఉత్తరం పెట్టి అనుమతి తీసుకోండి. అనుమతి లేకుండా డ్యామ్ మీద డ్రోన్ ఎగరేయకండి, కేసవుతుంది. కాలువల దగ్గరికైతే నీళ్లు కట్టేసిన ఎండాకాలంలో వెళ్లండి. షట్టర్ అడుగు భాగం కనిపించేది అప్పుడే, తుప్పు మొదలయ్యేదీ అక్కడే.